పచ్చీసులో పొత్తు

కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న ఉత్తర తెలంగాణ పల్లెల్లోనూ చెట్టు కింది గద్దెల మీద, గుడి ముందరి అరుగుల మీద పెద్దవాళ్ళు గవ్వలతో ఆడే పచ్చీసును చాలామంది అదృష్టాన్ని నమ్ముకున్న కాలక్షేపంగానే లెక్కిస్తారు. గవ్వలు ఎలా పడతాయన్నది ఎవరి చేతిలోనూ లేదు కనుక ఆ అభిప్రాయం కలగడం సహజమే. అయితే నలుగురు కూర్చుని, ఎదురెదురుగా ఉన్న ఇద్దరిద్దరు ఒక్కో జట్టుగా, పాత పద్ధతిలో ఆడేటప్పుడు నిదానంగా గమనిస్తే, గవ్వలు ఇచ్చేది ఒక అంకె మాత్రమేననీ, ఆ అంకెను ఏ కాయకు, ఏ సమయంలో, ఎవరి మేలు కోసం ఖర్చు పెట్టాలన్న ఆలోచనే ఆటను నడిపిస్తుందనీ తెలిసివస్తుంది. తన కాయను ముందుకు జరుపుకోవడమా, ఎదుటనున్న తోడు కాయను కాపాడటమా అన్న ప్రశ్న దాదాపు ప్రతి వంతులోనూ ఎదురయ్యే ఈ ఆటకు ఆ పొత్తే ప్రాణం. పటం, గవ్వలు, కాయలు అన్నీ మిగిలి, పొత్తు ఒక్కటి పోతే మిగిలేది పచ్చీసు కాదని చెప్పడానికి ఆట నియమాలలోనే గట్టి ఆధారాలున్నాయి.

ఆటకు కావలసిన సామగ్రి అతి స్వల్పం. గుడ్డ మీద కుట్టిన పటం ఉంటే మంచిదే కాని, లేకపోతే సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతోనో, బండరాయి మీద బొగ్గుతోనో నిమిషాల్లో పటం గీసుకోవచ్చు. నాలుగు దిక్కులకు చాచిన నాలుగు చేతులు, వాటి నడుమ ఒక పెద్ద గడి, ఒక్కో చేతిలో నిలువుగా మూడు వరుసలు, వరుసకు 8 గళ్ళు అన్న లెక్కన నాలుగు చేతుల్లో కలిపి 96 గళ్ళు ఉంటాయి. ఆటగాడికి నాలుగు చొప్పున 16 కాయలు కావాలి. రంగులు వేసిన కర్ర కాయలు దొరకని చోట పగిలిన గాజు ముక్కలు, గులకరాళ్ళు, చింతగింజలు, విరిచిన పుల్లలు కాయలవుతాయి. నాలుగు రంగుల కాయలున్నప్పుడు పసుపు, నలుపు ఒక జట్టుగా, ఎరుపు, ఆకుపచ్చ మరో జట్టుగా ఆడటం ఉపఖండంలో పాత సంప్రదాయం.

కాయ నడి గడి నుంచి బయలుదేరి తన చేతి మధ్య వరుస గుండా కిందికి దిగి, పటం అంచు వెంబడి నాలుగు చేతులనూ పూర్తిగా చుట్టి, తిరిగి తన మధ్య వరుసలోకే ఎక్కి నడి గడిని చేరాలి. అలా చేరడాన్ని పండటం అంటారు. దిగేటప్పుడు 8 గళ్ళు, చుట్టు తిరిగేటప్పుడు 68, ఎక్కేటప్పుడు 7, చివరగా నడి గడిలోకి 1, మొత్తం 84 అడుగుల ప్రయాణం. దారిలో ప్రత్యర్థి కాయ సరిగ్గా అదే గడిలోకి వస్తే అక్కడున్న కాయ చచ్చి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరాలి. ఇంటు గుర్తు గీసిన 12 గళ్ళలో మాత్రం ఈ భయం లేదు. ఇళ్ళు అనదగిన ఈ గళ్ళు చేతికి మూడు చొప్పున, మధ్య వరుస చివర ఒకటి, రెండు పక్క వరుసల్లో ఒక్కొక్కటి ఉంటాయి. ఒక జట్టు కాయ ఇంట్లో ఉన్నంతసేపు అవతలి జట్టు కాయ ఆ ఇంట్లోకి రాలేదు. అదే జట్టులోని తోడు కాయ మాత్రం వచ్చి పక్కన నిలవవచ్చు. పొత్తుకు సంబంధించిన సగం యుక్తులు ఈ ఒక్క నియమం నుంచే పుట్టాయి.

గవ్వల లెక్క ఊరికొక తీరుగా ఉంటుంది. కొన్ని చోట్ల 6 గవ్వలతో, కొన్ని చోట్ల 7 గవ్వలతో ఆడతారు. ఏడు గవ్వల లెక్కలో 30 కూడా పడుతుంది. తీసు అనేది దాన్నే. ఆరు గవ్వలతో ఆడే ఒక ప్రసిద్ధమైన లెక్కను తీసుకుంటే, ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్ళు జరపాలన్నది సాధారణ సూత్రం, దానికి రెండు మినహాయింపులు. ఒక్క గవ్వే వెల్లకిలా పడితే 10, అంటే దస్సు. అన్నీ బోర్లా పడితే 25, అంటే పచ్చీసు. ఆటకు పేరు వచ్చింది ఈ పెద్ద పందెం నుంచే. 6, 10, 25 పడినవారు మరోసారి గవ్వలు వేయవచ్చు. మొదటి కాయ ఏ పందేనికైనా బయటికి వస్తుంది కాని, తక్కిన కాయలు దిగడానికి ఈ మూడు పందేలలో ఏదో ఒకటి పడాలి.

ఈ లెక్కను కొంచెం లోతుగా చూడటం అవసరం, ఎందుకంటే అనుభవం ఉన్న ఆటగాడి చూపు అంతా ఇక్కడే ఉంటుంది. ప్రతి గవ్వా వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే 6 గవ్వలు 64 రకాలుగా పడవచ్చు. వాటిలో 3 పడే రకాలు 20, 2 పడేవి 15, 4 పడేవి 15. అంటే 64లో 50 సార్లు పడేది ఈ మూడు చిన్న అంకెలే. 5 పడేవి 6, దస్సు పడేవి 6. ఆరుకు, పచ్చీసుకు ఒక్కొక్కటే. నిజమైన గవ్వ వీపు బరువును బట్టి, నేల తీరును బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది కాని, అంకెల వరుస పెద్దగా మారదు. దీన్నిబట్టి తన కాయకు 2, 3, 4 గళ్ళ వెనక నిలిచిన ప్రత్యర్థి కాయే అసలు ప్రమాదమనీ, అందులోనూ 3 గళ్ళ దూరం అన్నిటికన్నా చెడ్డదనీ తేలుతుంది. ఈ లెక్కలో 1 పడదు కనుక ఒక్క గడి వెనకే ఉన్న ప్రత్యర్థి కాయ భయంకరంగా కనిపించినా ఆ వంతులో ఏమీ చేయలేదు. 7 గళ్ళ వెనక ఉన్న కాయ కూడా అంతే, ఎందుకంటే ఒక్కసారికి 7 పడదు, 6 పడి మళ్ళీ వేసినా మిగిలిన ఆ ఒక్కటి దొరకదు. 8, 9 గళ్ళ దూరం నుంచి కొట్టాలంటే ముందు 6 పడి, ఆపైన కావలసిన 2 గాని 3 గాని పడాలి. అది చాలా అరుదు. కొత్తగా నేర్చుకునేవారు దగ్గరి కాయను చూసి బెదిరి పారిపోయి సరిగ్గా 3 గళ్ళ ముందు నిలబడటం, పాతవారు ఒక్క గడి తేడాలో కదలకుండా కూర్చోవడం ఈ తెలివిడిలోని తేడాయే. కాగితం మీద లెక్క వేయని వృద్ధులు కూడా ఏళ్ళ తరబడి ఆడిన అలవాటుతో ఇదే దూరాన్ని ఎంచుకుంటారంటే, ఆ అనుభవాన్ని గణితమని పిలవడానికి సంకోచించనక్కరలేదు.

ఇదే లెక్కలో సగటున ఒకసారి గవ్వలు వేస్తే వచ్చేది సుమారు 4.2 గళ్ళు. మళ్ళీ వేసే అవకాశాన్ని కలుపుకుంటే వంతుకు దాదాపు 4.8. అంటే 70 అడుగులు నడిచి ఇంటి ముఖం పట్టిన ఒక కాయ చచ్చిపోతే 14 వంతుల పైచిలుకు సంపాదన ఒక్కసారిగా పోయినట్టు. కాబట్టి ఒక కాయను 4 గళ్ళు ముందుకు జరిపితే వచ్చే లాభం కన్నా తోడు కాయను ఒక చావు నుంచి తప్పిస్తే దక్కే లాభం చాలా రెట్లు ఎక్కువ అన్నది ఈ ఆటలో పొత్తుకున్న ఆర్థిక సూత్రం. తోడు కోసం తన వంతును వదులుకోవడం త్యాగంలా కనిపించినా, జట్టు లెక్కలో అదే తెలివైన పని.

పొత్తు యుక్తుల్లో మొదటిది కాపలా. పసుపు కాయ ఒకటి ఇల్లు దాటి బయట ఉండగా, దానికి 3 గళ్ళ వెనక ఎరుపు కాయ వచ్చి నిలిచిందనుకుంటే, నలుపు ఆటగాడు తన కాయను ఆ పసుపు కాయకు 2 గాని 4 గాని గళ్ళ వెనకకు తెచ్చి నిలపవచ్చు. ఇప్పుడు ఎరుపు ఆటగాడు పసుపు కాయను చంపగలిగినా, చంపిన గడిలోనే తన కాయను ఎదుటివారికి అప్పగించి ఉండాలి. చాలాసార్లు ఈ బెదిరింపే చాలు. అతడు చంపడం మాని ఇల్లు వెతుక్కుంటాడు. రెండవది ఇల్లు పట్టడం. ప్రత్యర్థి చేతి గుండా పోయేటప్పుడు తమ కాయలకు ఆశ్రయం దొరకడం కష్టం కనుక, ముందు నడిచిన కాయ అక్కడి ఇంట్లో ఆగి, వెనక వచ్చే తోడు కాయలు చేరేవరకు దాన్ని ఖాళీ చేయకుండా ఉంచుతుంది. అంతసేపూ ఆ ఇల్లు అవతలి జట్టుకు లేనట్టే. ఒక్క కాయ నిలకడ వల్ల ఒక జట్టుకు ఆశ్రయం, మరో జట్టుకు అడ్డంకి ఒకేసారి ఏర్పడతాయి. మూడవది తోడు తరఫున చంపడం. తన కాయకు ఏ ప్రమాదమూ లేకపోయినా, తోడు కాయను తరుముతున్న ప్రత్యర్థిని వెతికి చంపడానికి పందేన్ని వాడటం ఇందులోకి వస్తుంది.

వంతుల క్రమం ఈ యుక్తులకు ఒక చక్కని బలాన్నిస్తుంది. పసుపు ఆడిన తర్వాత ఒక ప్రత్యర్థి, ఆ తర్వాత తోడైన నలుపు, ఆ తర్వాత రెండో ప్రత్యర్థి, మళ్ళీ పసుపు, ఇలా వంతు తిరుగుతుంది. అంటే ఏ ఆటగాడైనా తన కాయను బయట వదిలి వంతు ముగిస్తే, దానికి రెండు ప్రమాదాలు వరుసగా రావు, వాటి నడుమ తోడు వంతు ఒకటి ఉంటుంది. అందువల్ల మంచి జట్టు ప్రమాదాలను పంచుకుంటుంది. మొదటి ప్రత్యర్థి నుంచి తప్పించుకునేంత దూరం చూసుకోవడం కాయ యజమాని పని, రెండో ప్రత్యర్థి నుంచి కాపాడటం తోడు పని. ఈ పంపకం ఒక్కమాటైనా అనుకోకుండా జరిగిపోయే జట్లు ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చున్న జట్లే అయివుంటాయి.

పచ్చీసులో ఒక అరుదైన నియమం ఉంది. సాధారణంగా పడిన పందేన్ని ఆడి తీరాలన్న నిర్బంధం లేదు. కాయను కదిపితే నష్టమనుకుంటే ఆటగాడు ఆ పందేన్ని వదులుకోవచ్చు. కదలకపోవడాన్ని ఒక ఎత్తుగా అంగీకరించిన ఈ నియమం వల్లనే ఇల్లు పట్టుకొని కూర్చోవడం సాధ్యమవుతుంది. ఇంటికి తిరిగివచ్చే కాయకు ఇది మరీ ముఖ్యం. తన చేతికి ముందున్న చేతి మధ్య వరుస చివరి ఇంటి నుంచి నడి గడికి లెక్కిస్తే అంచు వెంబడి 17, మధ్య వరుసలో ఎక్కడానికి 8, సరిగ్గా 25 గళ్ళు. కనుక అక్కడ కూర్చున్న కాయకు ఒక్క పచ్చీసు పడితే దారిలో ఎక్కడా ఆగకుండా, ఎవరికీ చిక్కకుండా నేరుగా పండుతుంది. అట్లాగే నడి గడి నుంచి కొత్తగా దిగే కాయకు పచ్చీసు పడితే పక్క చేతి ఇంట్లోకి నేరుగా చేరుతుంది. పటం గీసిన పూర్వులు ఇళ్ళను తోచిన చోట పెట్టలేదనడానికి ఈ 25 గళ్ళ కొలతే సాక్ష్యం. పచ్చీసు 64లో ఒక్కసారి పడే పందెం కాబట్టి ఆ ఇంట్లో ఎంతసేపు కాచుకోవాలి, ఎప్పుడు ఆశ వదులుకొని చిన్న పందేలతో బయటపడాలి అన్నది మళ్ళీ తోడు పరిస్థితిని బట్టే నిర్ణయం కావాలి.

ఆట చివరి దశలోనే పొత్తు విలువ పూర్తిగా బయటపడుతుంది. జట్టులో ఒకరి నాలుగు కాయలూ పండినంత మాత్రాన గెలుపు రాదు, ఇద్దరివీ కలిపి 8 కాయలు పండాలి. అంతేకాక సాధారణంగా తన కాయలన్నీ పండించుకున్నవాడికి ఆపైన వంతు ఉండదు. అప్పుడు మిగిలిన తోడు ఒంటరిగా ఆడాలి, అవతలివారు ఇద్దరూ గవ్వలు వేస్తూనే ఉంటారు. అతడికి ఒక వంతు వచ్చేలోపల ప్రత్యర్థులకు రెండు వంతులు. తొందరపడి ముందుగా ఇల్లు చేరినవాడు తన జట్టు బలాన్ని సగం చేసిపెట్టాడన్నమాట. ఇది తెలిసిన ఆటగాడు తన చివరి కాయను గమ్యం దగ్గరి ఇంట్లోనే నిలిపి ఉంచి, పడిన పందేలను వదులుకుంటూ, తోడు వెనకబడి ఉన్నంతకాలం కాచుకుంటాడు. కొన్ని పద్ధతుల్లో ఇంతకన్నా పెద్ద సాహసానికి కూడా వీలుంది. చుట్టు పూర్తిచేసిన కాయ మధ్య వరుసలోకి ఎక్కకుండా, తోడు కాయను తరిమేవారిని ఎదుర్కోవడానికి రెండోసారి చుట్టు మొదలుపెట్టవచ్చు. 80 అడుగులకు చేరువైన ప్రయాణం ముగించి, విశ్రాంతి గడప దగ్గర నిలిచిన కాయ మళ్ళీ ప్రమాదంలోకి నడవడం చూసినవారికి ఈ ఆటను కేవలం పరుగు పందెం అనాలని ఎప్పటికీ అనిపించదు.

మహాభారతంలోని జూదాన్ని ఇక్కడ తలచుకోవడం అసందర్భం కాదు. ధర్మరాజు ఆడిన ఆట ఒకరికొకరు ఎదురు నిలిచిన ఆట. నలుగురు తమ్ములు పక్కనే కూర్చున్నా వారిలో ఎవరికీ వంతు లేదు, అన్నను ఆపే ఎత్తు వారి చేతిలో లేదు. పాచికలను, గవ్వలను తలచుకుంటే తెలుగు మనసుకు ముందుగా ఆ సభే గుర్తుకొస్తుంది కనుక పచ్చీసును కూడా ఆ ఖాతాలోనే వేయడం జరుగుతోంది. కాని ఒకడి ఆవేశాన్ని మరొకడి వంతు అడ్డుకునే నలుగురి ఆట నిర్మాణంలోనే దానికి భిన్నమైనది.

జట్టులోని ఇద్దరు ఆట సాగుతుండగా మాట్లాడుకోవడం పచ్చీసులో తప్పు కాదు. జంటలుగా ఆడే కొన్ని పేకాటల్లో తోడుకు సైగ చేయడం మోసం, ఎందుకంటే అక్కడ ముక్కలు దాచి ఉంటాయి. పచ్చీసులో దాచేదేమీ లేదు, పటం అందరి ముందూ పరచి ఉంటుంది. అందుకని “ఆ కాయ ముట్టకు, ఇల్లు ఇడువకు” అని తోడుకు బాహాటంగా చెప్పవచ్చు. చెప్పిన మాట అవతలివారి చెవిన కూడా పడుతుంది కనుక ఎంత చెప్పాలి, ఎంత మింగాలి అన్నది కూడా ఆటలో భాగమవుతుంది. చుట్టూ చేరినవారు చెరో పక్షం వహించి సలహాలు కురిపించడం గద్దె మీది ఆటలో మామూలే. అయినా చివరికి గవ్వలు వేసేది, కాయను కదిపేది వంతు ఉన్నవాడి చేయి మాత్రమే. సలహా అందరిదీ, నిర్ణయం ఒక్కడిదీ అయిన ఈ ఏర్పాటు చాలా ఆలోచించి పెట్టినట్టుంటుంది.

దీని విలువను నేటి ప్రపంచపు బల్లమీది ఆటలతో పోల్చి చూస్తే బాగా అర్థమవుతుంది. ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడకుండా అందరూ కలిసి ఆటనే ఓడించే సహకార ఆటలు ఇటీవలి దశాబ్దాల్లో పాశ్చాత్య దేశాల్లో విశేష ఆదరణ పొందాయి. రైనర్ క్నిజియా 2000లో రూపొందించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, మాట్ లీకాక్ రూపొందించగా 2008లో వెలువడిన ‘పాండెమిక్’ వీటిలో పేరెన్నికగన్నవి. పాండెమిక్‌లో ఆటగాళ్ళు వైద్యుడు, శాస్త్రవేత్త వంటి పాత్రలు ధరించి ప్రపంచమంతటా వ్యాపించే నాలుగు వ్యాధులను కలిసి అరికట్టాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. ఇలాంటి ఆటల్లో అనుభవజ్ఞులు తరచుగా చెప్పే లోపం ఒకటుంది. అందరి సమాచారమూ అందరికీ తెలుసు, లక్ష్యం ఒక్కటే కనుక నేర్పరి అయిన ఒక్కడు అందరి ఎత్తులూ తానే నిర్ణయించడం మొదలుపెడతాడు, మిగతావారు అతడు చెప్పినట్టు బిళ్ళలు జరిపే చేతులుగా మిగిలిపోతారు. పచ్చీసులో కూడా సమాచారం బహిరంగమే, లక్ష్యమూ ఉమ్మడిదే. కాని కాయలు ఎవరివి వారివి, తన కాయ మీద మమకారం ఎవరిది వారిది, ఎదుట ఇద్దరు ప్రత్యర్థులు వింటూ ఉంటారు కనుక మనసులోని పన్నాగమంతా బయటపెట్టడం కుదరదు. అందుచేత ఒకరి బుద్ధి మరొకరి బుద్ధిని మింగేయడం అంత తేలిక కాదు. సహకారం అంటే ఒకరి మాట వినడం మాత్రమే కాదని, సొంత మేలుకూ జట్టు మేలుకూ తేడా వచ్చిన ప్రతిసారీ స్వయంగా తూకం వేయడమని ఈ ఆట చూపినంత స్పష్టంగా ఎన్నో కొత్త ఆటలు చూపలేవు.

నలుగురు ఇద్దరిద్దరుగా ఆడటం మధ్యయుగాల నాటికే స్థిరపడిన పద్ధతి. అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో పచ్చీసుకు దగ్గరి చుట్టమైన చౌపర్‌ను వర్ణిస్తూ 16 కాయలతో, సాధారణంగా నలుగురు, ఇద్దరికి ఇద్దరు ఎదురుగా ఆడతారని పేర్కొన్నాడు. చౌపర్‌కు, పచ్చీసుకు ముఖ్యమైన తేడా గవ్వల స్థానంలో పొడవైన పాచికలు వాడటం. ఫతేపూర్ సిక్రీ కోటలో రాతి నేల మీద పరచిన పెద్ద పటం నేటికీ చూపరులను ఆకర్షిస్తుంది. ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ ఫాక్నర్ 1892లోనూ, అమెరికా పండితుడు స్టీవర్ట్ క్యూలిన్ 1898లోనూ ప్రకటించిన గ్రంథాల్లో ఈ ఆట వివరాలు నమోదయ్యాయి. ఆ దశకంలోనే ఇంగ్లండులో లూడో పేరుతో దీని సరళ రూపానికి పేటెంటు లభించింది. గవ్వల బదులు ఒక పాచిక, చిన్న పటం, ఎవరి ఆట వారిదే. పిల్లలకు సులువు చేసే తొందరలో తీసేసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది పొత్తు అన్న సంగతి అప్పటివారు గుర్తించినట్టు లేదు. విచారించదగిన విషయం ఏమిటంటే, ఆ లూడోయే తిరిగి ఈ దేశానికి వచ్చి, 2020 లాక్‌డౌన్ నెలల్లో ఫోన్ల ద్వారా ఇంటింటా చేరి, పచ్చీసు అంటే లూడోకు పాత పేరు అనుకునే తరాన్ని తయారుచేసింది.

ఉమ్మడిగా ఆలోచించే శక్తిని మరో విధంగా పరీక్షించే ఆట పులిజూదం, పల్లెల్లో పులి-మేక ఆటగా ప్రసిద్ధం. కొండ ఆకారంలో గీసిన త్రికోణపు గీతల మీద 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలతో ఆడే రూపం దక్షిణాదిలో బాగా వ్యాప్తిలో ఉంది. పులి మేక మీదుగా అవతలి ఖాళీ కూడలిలోకి దూకి దాన్ని తినగలదు. మేక ఎవరినీ ఏమీ చేయలేదు, ఒక్క అడుగు మాత్రమే జరగగలదు. అయినా పులులను కదలలేకుండా చుట్టుముడితే మేకలదే గెలుపు. దీని కిటుకంతా ఒక్క సూత్రంలో ఉంది. ఏ మేక వెనకా ఖాళీ కూడలి ఉండకూడదు. వెనక మరో మేక నిలిచి ఉంటే పులికి దూకే చోటుండదు. అందుకే నేర్పరి మేకలను ముందుగా అంచు కూడళ్ళలో దించుతాడు, ఎందుకంటే అంచును ఆనుకున్న మేక వెనక చాలా దిశల్లో కూడలే ఉండదు. అక్కడినుంచి ఒకదాని వెనక ఒకటి ఆనిస్తూ లోపలికి గోడ కట్టుకుంటూ వస్తాడు. 15 మేకలూ దిగేవరకు దించిన ఏ మేకనూ కదపడానికి వీల్లేదు కనుక, తొలి మేకను ఎక్కడ పెట్టామన్నది ఆఖరి మేక దాకా వెంటాడుతుంది. పులుల పక్షం ఒకరే ఆడుతూ, మేకల పక్షాన పిల్లలంతా గుమిగూడి వాదించుకుంటూ ఆడటానికి ఇంత అనువైన ఆట మరొకటి లేదు. బలహీనులు కూడి నిలిస్తే బలవంతుడు కదలలేడన్న మాటను ఉపన్యాసంగా కాక గీతలుగా గీసి చూపిన ప్రతిభ దీనిది. హంపిలోనూ మరెన్నో ఆలయ మండపాల్లోనూ రాతి నేలల మీద కనిపించే ఆట పటాల గీతలు ఇలాంటి ఆటలు ఎంతమంది తీరిక వేళల్ని నింపాయో తెలుపుతాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలతో సమానంగా, నిజానికి వాటికన్నా శ్రద్ధగా, జనం ఆడుకున్న ఆటలను కూడా చరిత్రగా చూడటం ఈ రంగంలో పనిచేసేవారికి దారిచూపే ఉదాహరణ.

అష్టాచెమ్మను కూడా ఈ కుటుంబంలోనే చెప్పుకోవాలి. 25 గళ్ళ చదరంలో 4 గవ్వలతో, గవ్వలు లేకపోతే ఒక పక్క అరగదీసిన చింతపిక్కలతో ఆడే ఈ ఆటలో నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఇది ఇంటి ఆట. స్త్రీలు, పిల్లలు ఎక్కువగా ఆడతారు. దీన్ని ఎవరికి వారుగా ఆడటమే ఎక్కువ కాని, నలుగురు కూర్చున్నప్పుడు జట్లుగా కూడా ఆడుకోవచ్చు. గవ్వల లెక్కకు, దూరాల అంచనాకు పిల్లల చేయి తిరిగేది దీనితోనే కనుక పచ్చీసుకు ఇది తొలి బడి.

ఇక మొదట చెప్పుకున్న పచ్చీసు పల్లెల సంగతికి వస్తే, 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఉమ్మడి కరీంనగర్‌లో భాగంగా ఉన్న ఈ ప్రాంతం గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువగా ఉన్న ప్రాంతం. కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే స్త్రీల చేతులకు, సిరిసిల్లలో మరమగ్గాల నడుమ బతికే కార్మికులకు తీరిక సమయం ఒకేసారి దొరకదు. పచ్చీసుకు నలుగురు కావాలి, ఆ నలుగురికీ ఒకే పూట రెండు మూడు గంటల తీరిక కావాలి, పైగా ఒకరి ఆట తీరు మరొకరికి తెలిసేంత కాలం ఒకే ఊళ్ళో కలిసి ఉండాలి. పటం, గవ్వలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది ఆ జంట పరిచయమే. ఇద్దరే ఉన్నప్పుడు ఒక్కొక్కరు రెండేసి రంగులు తీసుకొని ఆడటం ఉంది కాని, అందులో పొత్తు సమస్య అసలు తలెత్తదు, ఎందుకంటే రెండు చేతులూ ఒకే మనసు మాట వింటాయి.

ఈ ఆటను నమోదు చేయదలచినవారు, ముఖ్యంగా ఈ ప్రాంతపు బడుల్లో, కళాశాలల్లో జానపద విజ్ఞానం మీద పనిచేసే విద్యార్థులు, సాధారణంగా పటం బొమ్మ, గవ్వల లెక్క రాసుకొని పని ముగిస్తారు. అది అవసరమే కాని చాలదు. ఊరూరా మారేది, త్వరగా మరుగున పడేది పొత్తుకు సంబంధించిన నియమాలే. తోడు కాయలు రెండూ ఒకే మామూలు గడిలో నిలవవచ్చా, నిలిస్తే ఆ జోడును ఒంటి కాయ చంపగలదా? కాయను చంపినవారికి మరో వంతు ఉందా? పడిన పందేన్ని వదులుకోవడం ఏ ఊళ్ళో చెల్లుతుంది, ఏ ఊళ్ళో చెల్లదు? పండే దశలో ఉన్న కాయకు రెండో చుట్టు తిరిగే అనుమతి ఉందా? ఒకరి కాయలన్నీ పండిన తర్వాత అతడి వంతు పూర్తిగా పోతుందా, లేక తన గవ్వలను తోడు కాయలకు వాడుకునే వీలుందా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆట చివరి దశ మొత్తం మారిపోతుంది కనుక, దాన్ని అడగకుండా రాసుకున్న ఏ వివరణా పూర్తయినట్టు కాదు. అడగడం కన్నా మంచి పద్ధతి మరొకటి ఉంది. ఆడే నలుగురి పక్కన ఒక పూటంతా కూర్చుని, ఎవరు ఏ పందేన్ని ఆడకుండా వదిలారో, ఏ కాయ ఎవరి కోసం ఇంట్లో ఆగిందో వరుసగా రాసుకోవాలి.